ఆ ఒక్క రీడింగు

"జాయ్స్ గారూ, ఈ ఒక్క రీడింగ్ డిలీట్ చేసేయండి," అన్నాడు హైటెక్ సిటీ ఆఫీసులో కొత్తగా చేరిన టీమ్ లీడ్ చైతన్య.

సముద్రం అడుగున ఆటుపోట్లకు తిరిగి కరెంటు పుట్టించే టర్బైనుకు జాయ్స్ రెక్కలు డిజైన్ చేస్తోంది.

"ఏడాదంతా లేని నీటి వేగం ఆ ఒక్కపూటే ఎలా వస్తుందండీ? మీటరు చెడిపోయుంటుంది. దీన్ని లెక్కలోకి తీసుకుంటే రెక్క మందం పెంచాలి. కరెంటు తగ్గిపోతుంది."

"తగ్గనివ్వండి. మీటరు చెడిపోలేదు," అంది జాయ్స్.

"మీకెలా తెలుసు?"

జాయ్స్ స్క్రీన్ మీది ఆ అంకెను వేలితో తాకింది.

"ఆ రోజు నేనూ మీలాగే అనుకున్నాను. మీటరు పాడైనట్టుంది, సముద్రంలోకి దిగి చూడమని ఇక్కణ్ణుంచి ఫోన్ చేశాను. అక్కడ డైవరు మా ఆయనేనండి."

చైతన్య మౌస్ వదిలేశాడు.

"మీటరొక్కటే దొరికింది. బాగానే పనిచేస్తోంది."