కప్పల అభ్యంతరం

ఎక్కడేం కట్టాలన్నా అక్కడ గొంతున్న ప్రతి ప్రాణి అభ్యంతరమూ లెక్కలోకొచ్చే రోజులవి. టిఫిన్ బండి నూకరత్నం మూడేళ్లుగా ఆదివారమొస్తే పేట ఆడాళ్లని వెంటేసుకుని పక్కనే పారే గెడ్డలో దిగి గుర్రపుడెక్క పీకుతూనే ఉంది.

ఆ గెడ్డ పూడ్చి మేడలు కడతానన్న బిల్డరు అర్జీ మీద విచారణ రోజు, అభ్యంతరాలు లెక్కెట్టే సర్కారు యంత్రం గట్టున చెవులు రిక్కించుకుని కూర్చుంది.

"ఈ మురుగుగెడ్డకి గొంతెక్కడుందమ్మా?" నవ్వాడు బిల్డరు.

నూకరత్నం వంగి గెడ్డ నీళ్లని చేత్తో కదిపి చూసింది. పొద్దుటి నుంచీ ఒక్క కప్పా నోరు విప్పలేదు మరి.

అంతలో జల్లు పడింది. ఓ కప్ప బెకబెకమంది. ఇంకోటి అందుకుంది. చూస్తుండగానే గెడ్డంతా హోరెత్తిపోయింది. బిల్డరు అరుపులు పక్కవాడికే వినబడలేదు.

"అభ్యంతరాలు నాలుగు వేల పదకొండు. అనుమతి లేదు," అంది యంత్రం.

నూకరత్నం బురద చెయ్యి పైకెత్తింది. "నన్నొగ్గేసినావేటి బాబూ? నాలుగు వేల పన్నెండు అని రాయి!"