ఊరేగింపు బోర్డు

"'మా డబ్బు, మా ఇష్టం' అని ఎర్రగా రాయరా," అన్నాడు బావ, బోర్డులు రాసే బామ్మర్దితో.

చిన్న జీతాలవాళ్లు ప్రమాదకరమైన ఫండుల్లో డబ్బు పెట్టకుండా సర్కారు రూలు తెస్తోంది. దానికి వ్యతిరేకంగా రేపు ఊరేగింపు.

"ఆ రూలే ముందుంటే, నీ డబ్బు ఆ ఫండులో ఇరుక్కునేదే కాదుగా బావా?"

"పిచ్చోడా, కొత్తవాళ్లు చేరితేనే మా పాతవాళ్ల డబ్బు బయటికొచ్చేది. రూలొచ్చిందా, మేం మునిగినట్టే."

కుంచె ఆగింది. పోయిన నెల బతిమాలి బతిమాలి తనను అందులో చేర్పించింది ఈ బావే.

"ఈ సంగతి అక్కకు తెలుసా?"

"అప్పుడు నిన్నడగమని పంపిందే మీ అక్క."

బామ్మర్ది టర్పెంటైన్ గుడ్డతో రాసిందంతా తుడిచేశాడు. బావ మొహం మాడిపోయింది.

"రాయవా అయితే?"

"రాస్తా, ఇంకా పెద్దగా. అక్షరాలు వీధి చివరిదాకా కనబడాలి. ఇప్పుడు నాకూ కొత్తవాళ్లు కావాలిగా."