నొప్పించని వార్తలు

చెవిలో పెట్టుకుంటే వార్తలు చెప్పే చెవిబిళ్ళలు వచ్చాక ఎవరి వార్తలు వాళ్ళవే అయ్యాయి. వినేవాళ్ళ మనసు నొచ్చుకునే కబురేదీ అవి చెప్పవు. ఊళ్ళో పిచ్చయ్య ఒక్కడే బిళ్ళ పెట్టుకోలేదు.

తెల్లవారుజామున ఆయన భార్య రత్తమ్మ పోయింది. పొద్దెక్కినా ఎవరూ గడప తొక్కకపోయేసరికి ఆయనే పక్కింటికి వెళ్ళాడు.

“కాసులూ, మీ పిన్ని పోయిందిరా. పాడె మోయడానికి మనుషులు కావాలి.”

కాసులు నవ్వాడు. “నీకు మతిపోయింది బాబాయ్. పిన్నికి నెమ్మదించిందని ఇప్పుడేగా విన్నాను.”

“వచ్చి చూడరా.”

“చూసేదేముంది? నువ్వే విను.” తన బిళ్ళ తీసి ముసలాయన చెవిలో పెట్టాడు.

రత్తమ్మ లేచి కూర్చుందనీ, గంజి తాగి మొగుణ్ణి పిలుస్తోందనీ అది చెప్పింది.

పిచ్చయ్య అరుగు మీద కూలబడ్డాడు. కాసులు బిళ్ళ తీసుకోబోతే చెవిని అరచేత్తో గట్టిగా మూసుకున్నాడు.