ఎర్ర కొంగ రెక్క

"ఆ రెక్క విరుగుతుంది, బాబూ."

ప్రొఫెసర్ జెరార్డ్ ఆచాంగ్ తల తిప్పి చూశాడు.

షెడ్డు గుమ్మంలో ఎవరో ముసలాయన. అరిగిపోయిన చెప్పులు. చేతిలో సగం తిన్న డబుల్స్ రొట్టె, వేళ్ల నిండా శనగల పులుసు.

"ఇతన్ని ఎవరు రానిచ్చారు?"

విద్యార్థులు ముఖముఖాలు చూసుకున్నారు.

పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఆచాంగ్ అంటే చిన్న పేరు కాదు. చిత్రకారుడు, శిల్పి, ఆర్ట్ కాలేజీలో గురువు. అన్ని బహుమతులూ వచ్చాయి, కార్నివాల్ పండుగలో అన్నిటికన్నా గొప్ప వేషానికిచ్చే రాజు కిరీటం తప్ప. దానికోసం తొమ్మిదేళ్లుగా పోటీ చేసి ఓడిపోతున్నాడు. ఈసారి వేషగాడు ఒంటికి తగిలించుకుని ఆడేలా, ఇనుప తీగలతో ఇరవై అడుగుల ఎర్ర కొంగను కట్టాడు. రేపు మధ్యాహ్నమే పోటీ.

"ఎందుకు విరుగుతుందో సెలవిస్తారా?" అన్నాడు వెటకారంగా.

"కీళ్లన్నీ వెల్డింగ్ చేశారు. వేషగాడు గెంతుతాడు, రెక్క గెంతదు. గుడ్డ పీలికలతో కట్టండి. ఇంకా టైముంది."

"ఓహో! మ్యూజియంలో తీగవేషాల మహాగురువు లబోర్డ్ గారి డ్రాగన్ వేషం ఎప్పుడైనా చూశావా? టికెట్టు కొనాలిలే, నీకు కష్టం. దాన్లో ప్రతి కీలూ వెల్డింగే. ఆ కీళ్ల మీదే నేను నాలుగు వందల పేజీలు రాశాను."

"ఆ వెల్డింగ్ మ్యూజియం వాళ్లు చేయించింది. నిలబెట్టడానికి. ఆడటానికి కాదు."

షెరీన్ అనే విద్యార్థిని కిసుక్కుమంది. ఆచాంగ్ ముఖం మాడింది.

"నువ్వు చూశావా?"

"అక్కడే ఉన్నాను."

"ఏం చేస్తూ? మంచినీళ్లు మోస్తూనా?"

ఈసారి అందరూ నవ్వారు.

"పో తాతా, పో. కోళ్లకు గూళ్లు అల్లుకో. కళ జోలికి రాకు."

ముసలాయన మిగిలిన రొట్టె నోట్లో వేసుకుని, వేళ్లు నాకి, వెళ్లిపోయాడు.

మర్నాడు సవానా మైదానంలో వేదిక మీద వేషగాడు మూడో గెంతు వేశాడు.

టప్పుమంది.

ఎడమ రెక్క జడ్జీల ముందు కుప్పకూలింది.

"అది కొంగ కాదురోయ్, కోడి! కూర వండండి!" అని గ్యాలరీ గోల పెట్టింది.

పదో ఏడూ పోయింది.

"నిన్నటి ముసలాడేడీ? వాణ్ణి... ఆయన్ని పట్టుకురండి! వచ్చే ఏడాది నా షెడ్డులోనే ఉండాలి!"

"రారు సార్," అంది షెరీన్. "పొద్దున్నే అవతలి బృందం వాళ్లు తీసుకెళ్లారు. వాళ్ల గబ్బిలం వేషానికి ఆయనే పీలికలు కట్టారు."

అవతల చప్పట్లు మోగుతున్నాయి. గబ్బిలం రెక్కలు గాలిలో ఎగసి పడుతున్నాయి.

"ఇంతకీ ఎవరాయన?"

షెరీన్ గొంతు తగ్గించింది.

"తన పేరు కత్‌బర్ట్ లబోర్డ్ అని చెప్పారు సార్."

లబోర్డ్ అంత్యక్రియల గురించి, కళ్లారా చూసినట్టు, తన పుస్తకంలో ఆరు పేజీలు రాసింది ఆచాంగే.