బయటపడ్డ ధర

మరో గంటలో విడుదల కావాల్సిన తమ స్పోర్ట్స్ కారు ధరకన్నా సరిగ్గా వెయ్యి రూపాయలు తక్కువకు, పోటీ కంపెనీ ఆ ఉదయమే తన కారు ధర దించేసింది.

"మన ధర ఈ గదిలో ఉన్న ముగ్గురికే తెలుసు," అంది యజమానురాలు. "పేరున్న కారు ఇంకా తక్కువకే దొరుకుతుంటే మన కొత్తదాని మొహం ఎవరు చూస్తారు?"

ఆమె చూపు సేల్స్ మేనేజరు మీద ఆగింది. పోయినేడాది దాకా అతను ఆ పోటీ కంపెనీలోనే పనిచేశాడు.

"నేను కాదు మేడమ్. మా అమ్మాయి మీద ఒట్టు."

"ఒట్లొద్దు. ఐడీ కార్డు బల్లమీద పెట్టి వెళ్ళండి."

అతను మెడలోంచి కార్డు తీశాడు. ఆ గదిలో మూడో మనిషి, కారుకు రూపమిచ్చిన ఇంజినీరు, లేచి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఆయన్ని పంపకండి మేడమ్. చెప్పింది నేను. మా బావ ఆ పోటీ కంపెనీలోనే పనిచేస్తాడు. 'ఏంటోయ్, మీ బొమ్మకారు ఎప్పుడొస్తుంది?' అని నాలుగేళ్లుగా అందరి ముందూ ఆటపట్టిస్తున్నాడు. మొన్న భోజనాల దగ్గర ఉక్రోషం పట్టలేక, 'మీదానికన్నా రెండు లక్షలు తక్కువకే ఇస్తున్నాం బావా' అనేశాను. ఎప్పుడూ నవ్వే మనిషి, ఆ పూట నవ్వలేదు. అప్పుడే చెబితే మీరు ధర మార్చుకునేవారు. సిగ్గుతో రెండు రోజులు నోరు మెదపలేదు. ఇప్పుడైనా, ఆయన ఆ కార్డు తీయకపోయుంటే చెప్పేవాణ్ణి కాదేమో."