వేరే బకెట్టు

“గా సుందరరావుకు నేను మనిషి లెక్కనే కనబడనురా తమ్మీ,” అన్నాడు కురుమయ్య.

సింకు కింద చతికిలబడి ఇత్తడి గొట్టాన్ని తడుముతున్న మాసయ్య తల పైకెత్తాడు. అశోక్‌నగర్ సందులో, మూడో అంతస్తులో ఉన్న ఆ మందుల ల్యాబులో సింకు పొద్దున్నే పొంగింది. కురుమయ్య దోమలగూడ ఎస్టీడీ బూతుకు ఫోన్ చేసి, ప్లంబింగు చేసే తమ్ముణ్ని పిలిపించాడు.

“ఏం చేస్తడే ఆయన?”

“ఈడ కెమిస్టు. ఆల్కహాల్‌ను అజైడు అనే రసాయనం చేస్తడు. సీసాలు కడిగేటోణ్ని నేను. అందరి సీసాలు ఈ సింకుల కడగాలె. ఆయనవి కడగనీకె నాకు వేరే బకెట్టు. ఆ నీళ్లు మూడంతస్తులు మోసి కింద డ్రమ్ముల పొయ్యాలె. ఆ బల్లకాడ స్టీలు చెంచ ముట్టొద్దు, నాకు ప్లాస్టిక్ చెంచ.”

“మనూరి హోటల్ల రెండు గ్లాసుల లెక్క.”

“గదే. పాలమూరు ఇడిశి ఇరవై ఏండ్లాయె. గ్లాసు మన ఎంబడే వచ్చింది.”

“ఎందుకని అడగలే?”

“అడిగిన. ‘ఐదో తరగతి చదివావు, చెప్పినా నీకర్థం కాదులే. చెప్పింది చెయ్యి’ అన్నడు.”

గొట్టం మర రెంచికి కదల్లేదు. మాసయ్య సుత్తీ ఉలీ తీశాడు.

“ఇంకా మోస్తున్నవా మరి?”

కురుమయ్య గొంతు తగ్గించాడు. “నెల రోజులాయె బంద్ చేసి. సాయంత్రం ఆయన బస్సుకు పోంగనే అన్నీ ఈ సింకులనే. అందరి నీళ్లు పోయే తొవ్వలనే నా నీళ్లు గూడ పోతయి.”

టిఫిన్ డబ్బాతో సుందరరావు లోపలికొచ్చాడు. సింకునీ, ఇద్దరినీ చూశాడు.

“కురుమయ్యా, బకెట్టు నీళ్లు ఇందులో పోశావా?”

“పోసిన.” కురుమయ్య మొదటిసారి ఆయన కళ్లలోకి చూశాడు. “నెల నుంచి పోస్తున్న. నేను గూడ మనిషినే సార్.”

సుందరరావు మొహం పాలిపోయింది. “బాబూ, సుత్తి వదిలెయ్. గొట్టం ముట్టుకోకు.”

“ఇన్నవా అన్నా? గొట్టం గూడ ముట్టొద్దంట,” అంటూ మాసయ్య సుత్తి ఎత్తాడు.

“అజైడుకు ఇత్తడి తగిలితే పేలుతుందయ్యా.”

ఐదో తరగతి చదివినవాడికి కూడా అర్థమయ్యే ఆ నాలుగు మాటలు సుందరరావు నోటివెంట వచ్చేసరికి సుత్తి గొట్టం మీద పడింది.

మాసయ్యకు పోయినవి మూడు వేళ్లు.