గాలిజింక సవారీ

మేనకోడలి పెళ్లికి వెళ్లడానికి కోతి మారయ్య ఒక జింకను మాట్లాడుకోబోయాడు. మామూలు జింక ఒక్క కొమ్మ మామిడికాయలకే వస్తానంది. గాలిలా దూకే జింక మాత్రం చెట్టంతా కావాలంది.

"మామూలుది చాలదా మావా?" అంది పెళ్లాం ముత్యాలు.

"నలుగురూ చూడొద్దూ!" అంటూ మారయ్య చెట్టంతా ఇచ్చేసి గాలిజింక ఎక్కాడు. ముత్యాలు మూతి ముడుచుకుని వెనక కూర్చుంది.

తీరా చూస్తే అడవిదారి నిండా గేదెల మంద. గాలిజింక వాటి తోకల వెనకే అడుగులో అడుగేసింది. మామూలు జింక మీద వచ్చిన కొండముచ్చు గంగులు పక్కకు చేరాడు.

"ఏం బావా, ఇద్దరం ఒక్కచోటే ఉన్నామే!"

మారయ్య మీసం దువ్వాడు. "నీది చేతకాని నెమ్మదిరా. నాది చేతనైన నెమ్మది!"

"అయితే తీరిగ్గా రా మావా," అని ముత్యాలు కిందికి దూకి, గేదెల సందుల్లోంచి నడుచుకుంటూ పెళ్లికి వెళ్లిపోయింది.